యుద్ధనౌక మోడల్‌లో టార్పెడో గొట్టాలు ఎక్కడ పెట్టాలి?

1900 నుంచి 1920 మధ్య కాలపు పెద్ద యుద్ధనౌకల మోడల్ చేసేవాళ్లలో చాలామంది టార్పెడో గొట్టాలను, అంటే నీళ్లలో తనంతట తానే దూసుకెళ్లి ఓడని పేల్చే టార్పెడోని వదిలే గొట్టాలను, తీసుకెళ్లి డెక్కు మీద పెట్టేస్తారు. మూడు గొట్టాల కట్ట, దాని కింద తిరిగే పీట. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అది డిస్ట్రాయర్లు అనే చిన్న యుద్ధనౌకల పద్ధతి. బ్యాటిల్‌షిప్ అనే పెద్ద ఓడకి ఆ రోజుల్లో గొట్టాలు నీటి కింద, ఓడ కడుపులో ఉండేవి. బయట నుంచి చూస్తే గోడలో చిన్న మూత కనపడితే కనపడుతుంది, అంతే.

నేను విశాఖలో ఒక వర్క్‌షాపు ప్యాటర్న్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పోత పోసే ప్రతి ఇనుప భాగానికీ ముందు చెక్కతో నమూనా చేయాలి, అదే మా పని. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఓడలు చేస్తుంటాను. సైన్స్ ఫెయిర్ల సీజన్ వచ్చిందంటే పిల్లలు, వాళ్ల వెనకాలే వాళ్లకంటే ఎక్కువ టెన్షన్‌తో తల్లిదండ్రులు వస్తారు. గొట్టాల సంగతి వాళ్లకి ఎలా చెబుతానో అలాగే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి బ్రిటిష్ వాళ్ల డ్రెడ్‌నాట్ తీసుకుందాం, స్కేలు 1:200. ప్లాన్లు తేలిగ్గా దొరికే ఓడ అది.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఆ ఓడల్ని గీసిన ఇంజనీర్లు టార్పెడోకి మంచి చోటు వెతికి ఇవ్వలేదు. ఫిరంగులు, మందుగుండు, బాయిలర్లు, ఇంజన్లు అన్నీ ఎవరి జాగా వాళ్లు పట్టుకున్నాక మిగిలిన చోట గొట్టాలు దూర్చారు. కాబట్టి మోడల్ చేసేటప్పుడు మనం కూడా ఆ వరసలోనే రావాలి. బయట గోడ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి కన్నం వేస్తే పొరపాటు ఖాయం.

ఏ ఓడ, ఏ సంవత్సరం

పని మొదలు పెట్టేముందు ఓడ పేరుతో పాటు సంవత్సరం కూడా తేల్చుకోండి. ఇరవై ముప్ఫై ఏళ్లలోనే గొట్టాలు పైనుంచి కిందికి దిగాయి, తర్వాత మాయమైపోయాయి.

రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఆడ్రియాటిక్ తీరంలోని ఫియూమేలో 1866లో మొదటి టార్పెడో తయారుచేసినప్పటి నుంచి పెద్ద ఓడలకూ అవి కావాలన్నారు. తొలి రోజుల్లో గొట్టాలు నీటికి పైనే ఉండేవి. అక్కడ గుండు తగిలితే మన టార్పెడో మన ఓడలోనే పేలుతుందన్న భయం ఉంటుంది కదా, అందుకని మెల్లగా నీటి కిందికి దింపారు. 1895లో వచ్చిన బ్రిటిష్ వాళ్ల మెజెస్టిక్ తరగతి ఓడల్లో (ఒకే నమూనాతో కట్టిన ఓడల్ని తరగతి అంటారు) ఈ మార్పు సగంలో కనపడుతుంది. ఐదు గొట్టాల్లో నాలుగు నీటి కింద, వెనకవైపున్న ఒక్కటి మాత్రం నీటి పైన. ఆ తర్వాతి కానోపస్ తరగతికి వచ్చేసరికి నాలుగూ నీటి కిందే. జపాన్ వాళ్ల మికాసా ఇంగ్లండులోని బారోలో కట్టింది కాబట్టి అదీ అంతే, పక్కకి రెండేసి చొప్పున నాలుగు. ఆ ఓడ ఇప్పటికీ యొకొసుకాలో ఉంది. కాకపోతే నీటిగీత దాకా నేలలో కూర్చోబెట్టేశారు కాబట్టి మనకు కావలసిన భాగం మాత్రం బయటనుంచి కనపడదు.

1906లో డ్రెడ్‌నాట్ వచ్చింది. ఐదు గొట్టాలు, అన్నీ నీటి కిందే. ముందు గదిలో ఎడమకొకటి కుడికొకటి, వెనక గదిలో అలాగే రెండు, మరీ చివర తోకలో ఒక్కటి. వీటికి 23 టార్పెడోలు మోసుకెళ్లేది. జర్మన్ల నసావు తరగతిలో ఆరు ఉండేవి. ముక్కులో ఒకటి, తోకలో ఒకటి, పక్కలకి నాలుగు. జపాన్ ఫూసోలో పక్కకి మూడేసి. బ్రిటిష్ క్వీన్ ఎలిజబెత్ తరగతిలో పక్కకి రెండేసి, కాకపోతే 18 అంగుళాల లావువి పోయి 21 అంగుళాలవి వచ్చాయి. 1920లో తయారైన బ్రిటిష్ ఓడ హుడ్‌లో రెండు నీటి కింద, నాలుగు నీటి పైన. హుడ్ చేసేవాళ్లకి మాత్రం పైన కనపడేలా గొట్టాలు పెట్టే అవకాశం ఉంది. మిగతావాళ్లు ఆశ వదులుకోండి.

మీరు చేసేది నీటిగీత పైభాగం మాత్రమే ఉండే మోడల్ అయితే ఇక ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. డ్రెడ్‌నాట్‌కి గొట్టాల పని ఏమీ ఉండదు.

కాగితం మీద ముందు లోపలి గదులు

పూర్తి హల్, అంటే నీటి కింది భాగంతో సహా ఓడ ఒళ్లంతా చేసేవాళ్లు ఒక పెద్ద చార్ట్ షీటు తీసుకుని ఓడను పైనుంచి చూసినట్టు ఒకసారి, పక్కనుంచి చూసినట్టు ఒకసారి గీయండి. డ్రెడ్‌నాట్ నిజం పొడవు 160.6 మీటర్లు, మన స్కేలులో 803 మిల్లీమీటర్లు. వెడల్పు 25 మీటర్లు, అంటే 125 మి.మీ. నీటిలో మునిగే లోతు సుమారు 9 మీటర్లు, అంటే 45 మి.మీ.

ఇప్పుడు ఐదు టరెట్లూ (ఫిరంగులుండే తిరిగే గూళ్లు) వాటి చోట పెట్టండి. ముందు ఒకటి, మధ్యలో ఇటొకటి అటొకటి, వెనక నడిమి గీత మీద రెండు. ప్రతి టరెట్ కిందా మందుగుండు గదిని ఎర్ర పెన్సిల్‌తో నింపండి. తర్వాత బాయిలర్ గదులు, వాటి వెనక టర్బైన్ గదులు నల్ల పెన్సిల్‌తో నింపండి. 18 బాయిలర్లు ఉన్న ఓడ అది. ఈ రెండు రంగులూ వేసేసరికి ఓడ నడుం భాగమంతా నిండిపోతుంది. తెల్లగా మిగిలేది ముందు టరెట్ దగ్గర కొంత, చివరి టరెట్ దాటాక కొంత, మరీ వెనక చుక్కాని యంత్రం దగ్గర కొంత. గొట్టాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ముందు గది ఎ టరెట్ (ముందుది) మందుగుండు గది దగ్గర, వెనక గది వై టరెట్ (చివరిది) మందుగుండు గది దాటాక, తోక గొట్టం చుక్కాని యంత్రంతో ఒకే గది పంచుకుని.

పిల్లల చేత ఈ రంగుల పని చేయించాక గొట్టాలు ఎక్కడుండాలో నేను చెప్పాల్సిన అవసరం రాదు. వేలు పెట్టి వాళ్లే చూపిస్తారు.

జర్మన్ ఓడ గీసేవాళ్లకి ఇంకో అడ్డం ఉంటుంది. నసావు లోపల ఓడ పొడవునా, బయటి గోడకు కొంచెం లోపలగా ఇంకో ఉక్కు గోడ ఉంది. బయట టార్పెడో పేలినా నీళ్లు ఇంజన్ల దాకా రాకుండా ఆపడానికి. ఆ గోడకు కన్నం పెట్టి గొట్టం బయటకి తీస్తే గోడ పెట్టిన ప్రయోజనమే పోతుంది. అందుకని పక్క గొట్టాల్ని ఆ గోడ మొదలుకి ముందు, చివరకి వెనక పెట్టారు. మీ కాగితం మీద ముందు ఆ గోడ గీసుకుంటే గొట్టం చోటు దానంతటదే తేలుతుంది.

ఎదురెదురుగా కాదు, ముందూ వెనకగా

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎక్కువ మోడళ్లు తప్పేది ఇక్కడే.

18 అంగుళాల టార్పెడో అంటే అసలు కొలత 450 మి.మీ. లావు, పొడవు సుమారు 5 మీటర్లు. అది మొత్తం గొట్టంలో పట్టాలి. ఒకటి వదిలాక రెండోది ఎక్కించాలంటే గొట్టం వెనక తలుపు తీసి, ఇంకో 5 మీటర్ల టార్పెడోని అదే వరసలో పెట్టి లోపలికి నెట్టాలి. అంటే ఒక గొట్టానికి ఓడ గోడ నుంచి లోపలికి కనీసం 10 మీటర్లు కావాలి. తలుపుకి, టార్పెడోని తోసే గాలి నింపిన సీసాలకి, మనుషులు నిలబడడానికి అది కాక ఇంకొంత కావాలి. ఎడమ గొట్టం, కుడి గొట్టం ఎదురెదురుగా పెడితే ఇద్దరికీ కలిపి 20 మీటర్లు దాటిపోతుంది. ఓడ నడుం వెడల్పే 25 మీటర్లు. గొట్టాలుండేది నడుం దగ్గర కాదు, ముందు వెనక సన్నబడే చోట. ఇక ఎదురెదురుగా ఎలా కుదురుతుంది?

అందుకని ఒకదాన్ని కొంచెం ముందుకి, ఇంకోదాన్ని కొంచెం వెనక్కి జరిపి పెడతారు. గదిలో రెండూ ఒకదాని పక్కనుంచి ఒకటి పోతాయి. ఎడమ గొట్టానికి ఎక్కించే టార్పెడో కుడి గొట్టం పక్కన పడుకుంటుందన్నమాట. మోడల్‌లో ఈ తేడా 10 నుంచి 15 మి.మీ. ఉంటే సరిపోతుంది, కొలత మీ ప్లాన్‌లో ఉంటే దానికే కట్టుబడండి. బయట నుంచి చూసేవాడికి ఎడమ మూతి, కుడి మూతి ఒకే చోట లేవే అనిపిస్తుంది. ఉండకూడదు కూడా.

ఈ పద్ధతికి ఓడలు పెద్ద మూల్యమే చెల్లించాయి. టార్పెడో గది అంటే ఓడ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డగోడలు లేని హాలు. మిగతా ఓడనంతా చిన్న చిన్న గదులుగా విడగొట్టి నీళ్లు పాకకుండా కట్టినవాళ్లు, ఇక్కడ మాత్రం తప్పనిసరై ఖాళీ వదిలారు. 1916 మే 31న బ్రిటిష్, జర్మన్ నౌకాదళాల మధ్య జరిగిన జట్లండ్ యుద్ధంలో జర్మన్ల లుట్జో అనే ఓడ ముందు భాగానికి నీటిగీత కింద దెబ్బలు తగిలాయి. నీళ్లు టార్పెడో గదిలోకి వచ్చి అక్కడినుంచి పాకాయి, ముక్కు కిందకి దిగిపోయింది. మర్నాడు తెల్లవారుజామున మనుషుల్ని దించేసుకుని, తమ ఓడని తమ టార్పెడోతోనే ముంచుకోవాల్సి వచ్చింది. ముంచింది వాళ్ల జీ-38 అనే టార్పెడో పడవ. 1917 అక్టోబరులో బాల్టిక్ సముద్రంలో బాయర్న్ అనే జర్మన్ ఓడ ఒక మైనుని (నీళ్లలో పెట్టిన బాంబుని) తాకినప్పుడూ నిండింది ముందు టార్పెడో గదే. రిపేరుకి తెచ్చినప్పుడు ఆ ముందు పక్క గొట్టాలు పీకేసి, ఆ గదిని నీళ్లు చొరబడని గదిగా మార్చేశారు. బాయర్న్ మోడల్ చేసేవాళ్లకి సంవత్సరం తేల్చుకోమన్నది ఇందుకే. 1916 బాయర్న్ వేరు, 1918 బాయర్న్ వేరు.

నీటిగీతకు ఎంత కింద

నీటిగీత దగ్గర ఓడ చుట్టూ మందపాటి ఉక్కు కవచం ఉంటుంది. డ్రెడ్‌నాట్‌కి అది చాలా చోట్ల 11 అంగుళాల మందం, కింద అంచుకి వచ్చేసరికి 7 అంగుళాలు. మామూలు బరువుతో ఉన్నప్పుడు నీటిగీత కింద సుమారు 1.5 మీటర్ల దాకా దిగుతుంది. అంత ఉక్కులో గొట్టానికి కన్నం పెట్టుకోరు, దాని కింద అంచు దాటాకే పెడతారు. మన స్కేలులో 1.5 మీటర్లంటే 7.5 మి.మీ. ప్లాన్‌లో గొట్టం ఎత్తు రాసి ఉంటే అదే వేయండి. లేకపోతే నేను నీటిగీతకు 15 మి.మీ. కింద, అంటే నిజంలో 3 మీటర్ల లోతులో పెడతాను. ఆ లోతు పెట్టుకుంటే చెక్క పని కూడా తేలిక, ఎలాగో ఇప్పుడు చెబుతాను.

చెక్క పని

హల్ మొత్తం ఒకే దుంగలో చెక్కకండి. 5 మి.మీ. పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి చేయండి. నీటిగీత కింద 45 మి.మీ. అంటే సరిగ్గా తొమ్మిది పలకలు. నేను పనస చెక్క వాడతాను. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లది కూడా ఇదే చెక్క, ఎండితే నిలకడగా ఉంటుంది, ఉలికి బాగా లొంగుతుంది. గుండ్రంగా తరిమెన పట్టే టరెట్లకైతే ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రని మించింది లేదు.

అన్నీ అంటించేశాక బయట నుంచి డ్రిల్ పెట్టి 2 మి.మీ. కన్నం వేద్దామనుకుంటే ఇబ్బంది పడతారు. హల్ అక్కడ వంపు తిరిగి ఉంటుంది, బిట్ జారుతుంది, లోపలికెళ్లాక ఎటు పోతుందో తెలియదు. ప్యాటర్న్ షాపులో మేం చేసే పద్ధతి ఇంకోటి. నీటిగీత నుంచి కిందికి లెక్కపెడితే మూడో పలక, నాలుగో పలక కలిసే చోటు నీటిగీతకు సరిగ్గా 15 మి.మీ. కింద ఉంటుంది. ఆ రెండు పలకలకూ అంటించే ముందే సగం సగం గాడి తీయాలి.

రెండు పలకల్నీ కలిపి రెండు చివర్లా సన్న మేకు పట్టేలా కన్నాలు వేసి పిన్నులు పెట్టండి. మళ్లీ ఎన్నిసార్లు విప్పి కలిపినా ఒకే చోట కూర్చోవాలి. ఇప్పుడు కాగితం మీది గొట్టం గీతల్ని మూడో పలక అడుగు ముఖం మీదకి, నాలుగో పలక పై ముఖం మీదకి దించండి. ఉలి వాడొద్దు. పదునైన కత్తితో గీత మీద ఒక గాటు, దాని పక్కన వాలుగా ఇంకో గాటు పెడితే సన్న పేలిక లేస్తుంది. ఆ సందులో ఎలకతోక ఆకురాయి పెట్టి నెమ్మదిగా లాగండి, నెట్టొద్దు. నెడితే పనస పీచు లేచి గాడి అంచు పగులుతుంది. మధ్య మధ్యలో ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ గొట్టం అందులో పెట్టి చూస్తూ ఉండండి. రీఫిల్ సగం లోపలికి, సగం పైకి ఉందంటే ఆ పలక పని అయినట్టే. రెండో పలకకీ అంతే. రెండూ మూసి చూస్తే మధ్యలో గుండ్రటి దారి వస్తుంది.

ఆ గొట్టం కూడా లోపలే ఉండిపోతుంది. లోహపు రీఫిల్ ఒకటి ఖాళీ చేసుకుని స్పిరిట్‌తో సిరా కడిగేయండి. వెర్నియర్‌తో కొలిచి, లోపల సైకిల్ చువ్వ ఇబ్బంది లేకుండా జారేదే తీసుకోండి. గాడిలో ఫెవికాల్ పల్చగా రాసి గొట్టం పరిచి పలక మూసేయండి. బయటకి రెండు మూడు మి.మీ. పొడుచుకు రానివ్వండి. హల్ అంతా చిత్రిక పట్టి, ఉప్పుకాగితం రుద్దేటప్పుడు ఆ పొడుచుకొచ్చింది గోడ వంపుతో కలిసిపోతుంది. మూతి గుండ్రంగా కాకుండా కోలగా కనపడుతుంది, గోడ అక్కడ వాలుగా ఉంది కాబట్టి అలాగే కనపడాలి.

లేత్ దగ్గరికి టరెట్లు పట్టుకెళ్తే అక్కడి మేస్త్రి ఈ కన్నం చూసి, "ఏటి బావూ ఇది, నీటి కిందున్నది ఎవుడికి కనపడతాది?" అంటాడు ప్రతిసారీ. ఆయనకి నేను జవాబు చెప్పను. టరెట్ కొలత ఒక వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే, అది ఎవరికీ కనపడకపోయినా ఆయనకే నిద్ర పట్టదు.

మూతి, కమ్మి, టార్పెడో

గొట్టం మూతి ముందు ఒక సన్న కమ్మి బయటకి చాచి ఉన్నట్టు చూపించగలిగితే మీ మోడల్ విలువ పెరుగుతుంది. ఎందుకుండేదో చెబుతాను. డ్రెడ్‌నాట్ వేగం 21 నాట్లు. అంత వేగంతో పోతున్న ఓడ పక్కనుంచి టార్పెడో బయటకి వస్తే తల నీళ్లలో, తోక ఇంకా గొట్టంలో ఉన్న క్షణం ఒకటి ఉంటుంది. వరద నాగావళిలో పొడవాటి వెదురు గడ అడ్డంగా దింపి చూసినవాళ్లకి తెలుసు, చేతిలో ఉన్న చివర కదలకపోయినా నీళ్లలో ఉన్న చివరని ప్రవాహం లాక్కుపోతుంది. టార్పెడోకీ అదే జరిగి వంగిపోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. అందుకని బ్రిటిష్ ఓడల్లో వదిలే ముందు ఒక బలమైన కమ్మిని గొట్టం నుంచి బయటకి నెట్టేవాళ్లు. టార్పెడో దానికి ఆనుకుని జారి, తల తోక ఒకేసారి విడిపోయేది.

వరస ఇలా ఉండేది. వెనక తలుపు మూసి, గొట్టంలో నీళ్లు నింపి, బయటి వాల్వు తీసి, కమ్మి చాచి, బిగించిన గాలితో టార్పెడోని తోసేవాళ్లు. తర్వాత కమ్మి లోపలికి లాగి, బయటి వాల్వు మూసి, గొట్టంలో నీళ్లు తోడేసి, అప్పుడు వెనక తలుపు తీసి రెండోది ఎక్కించేవాళ్లు. మామూలుగా ఓడ నడిచేటప్పుడు కమ్మి లోపలే ఉంటుంది. కాబట్టి మోడల్‌లో నాలుగు పక్క గొట్టాల్లో ఒక్కదానికి మాత్రం కమ్మి చాచి పెట్టి, మిగతావి మూసి ఉంచండి. 15 నుంచి 20 మి.మీ. ఇత్తడి తీగని సుత్తితో కొట్టి చదును చేసి, మూతిని ఆనించి అంటిస్తే చాలు.

టార్పెడోకి సైకిల్ చువ్వ సరిపోతుంది. 450 మి.మీ. లావు మన స్కేలులో 2.25 మి.మీ., చువ్వ సుమారు 2 మి.మీ. ఆ తేడా కంటికి ఆనదు. పాత సైకిల్ రిపేరు షాపులో వంకర చువ్వలు ఊరికే ఇస్తారు. తిన్నగా ఉన్న చోట 25 మి.మీ. కోసి, డ్రిల్ చక్‌లో బిగించి తిప్పుతూ ఆకురాయితో కొస రుద్దండి. వైట్‌హెడ్ టార్పెడోలు మొదట్లో కోసు ముక్కుతో ఉండేవి, తర్వాత గుండ్రటి ముక్కువి వచ్చాయి. 1906 ఓడైతే మరీ బొండుగా చేయకండి. తోక వైపు సన్నగా దిగాలి. అక్కడ నిజంగా ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, రెక్కలు ఉంటాయి గానీ ఈ స్కేలులో వాటి జోలికి పోవద్దు. రంగు కూడా వద్దు, ఉక్కు మెరుపే అందం.

తోక గొట్టం, ముక్కు గొట్టం

డ్రెడ్‌నాట్ తోక గొట్టం నడిమి గీత మీద వస్తుంది. చుక్కాని ఇరుసులు, వాటి యంత్రం అన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి పలకలు కోసే ముందే చుక్కాని కన్నాలు, గొట్టం గాడి ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. తర్వాతి మార్పుల్లో ఈ గొట్టాన్ని తీసేశారు. మొదట్లో ఉన్న రూపం చేసేవాళ్లే దీన్ని పెట్టాలి.

ముక్కు గొట్టం జర్మన్ల అలవాటు. చేయడం అన్నిటికన్నా తేలిక, పలకల మధ్య తిన్నగా ఒక్క గాడి. యుద్ధంలో మాత్రం అన్నిటికన్నా అనుమానం అక్కడే. ఓడలో ముందుగా దెబ్బ తగిలే చోట అంత కన్నం పెట్టుకోవడం మంచి పని కాదని నా అభిప్రాయం. సరదా ఏమిటంటే డ్రెడ్‌నాట్ యుద్ధంలో ముంచిన ఒకే ఒక్క శత్రు నౌకని ముంచింది గొట్టాలతో కాదు, ఫిరంగులతోనూ కాదు. 1915 మార్చి 18న యూ-29 అనే జలాంతర్గామిని ముక్కుతో గుద్దేసింది. దాని కెప్టెన్ వెడిగెన్, అంతకు ముందు 1914 సెప్టెంబరు 22న మూడు బ్రిటిష్ క్రూయిజర్లని (బ్యాటిల్‌షిప్ కంటే తేలికపాటి యుద్ధనౌకల్ని) టార్పెడోలతో ముంచినవాడు. మన మద్రాసు మీద జర్మన్ ఓడ ఎమ్డెన్ గుళ్లు కురిపించింది కూడా సరిగ్గా ఆ రోజే. ఎమ్డెన్ చిన్న క్రూయిజరే, దానికి నీటి కింద రెండు గొట్టాలు. మద్రాసులో అవి వాడలేదు గానీ అక్టోబరు 28న పెనాంగ్ రేవులో రష్యా వాళ్ల జెమ్‌చుగ్ అనే క్రూయిజర్‌ని వాటితోనే పడగొట్టింది.

పక్క కర్రలు గొట్టాలు కావు

పాత ఫోటోల్లో ఓడ పక్కన వాలుగా, వరసగా కర్రలు ఆనించినట్టు కనపడతాయి. పిల్లలు అవే టార్పెడో గొట్టాలనుకుంటారు. అవి ఉక్కు వల చాచడానికి పెట్టిన కర్రలు. ఓడ ఆగి ఉన్నప్పుడు వాటిని బయటకి తిప్పి చుట్టూ వల దించితే వచ్చే టార్పెడో వలలో చిక్కుకోవాలి. 1915 మే 27న టర్కీలోని గల్లిపోలి దగ్గర మెజెస్టిక్ వలలు దించుకునే ఉంది. యూ-21 అనే జర్మన్ జలాంతర్గామి వదిలిన టార్పెడో వలను చీల్చుకుని పోయింది, ఓడ తిరగబడింది. మోడల్‌కి ఈ కర్రలు ఇత్తడి తీగతో చేసి అంటించండి. నిజానికి చూసేవాళ్ల కంటికి మొదట ఆనేది అవే.

చూసి రావాలంటే

గొట్టం వెనక తలుపు ఎలా ఉంటుంది, టార్పెడో ఎలా పడుకుంటుంది అని ఫోటోలు వెతుక్కోకుండా విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి వెళ్లండి. శ్రీకాకుళం నుంచి పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి వచ్చేయొచ్చు, విజయనగరం వాళ్లకి ఇంకా దగ్గర. అది 1969 నాటి సోవియట్ జలాంతర్గామి. ముందు ఆరు, వెనక నాలుగు గొట్టాలు, 533 మి.మీ.వి, అంటే క్వీన్ ఎలిజబెత్ కాలం నాటి 21 అంగుళాల కొలతే. ముందు గదిలో నిలబడి గొట్టాల ఇత్తడి తలుపులు, వాటి ముందు టార్పెడో పట్టడానికి ఎంత నిడివి వదిలారో చూడండి. ఎదురెదురుగా రెండు గొట్టాలు ఎందుకు పట్టవో అక్కడ నిలబడితే నా లెక్కలతో పనిలేకుండా తెలుస్తుంది. జనం వెనక నుంచి తోస్తుంటారు కాబట్టి తెరవగానే వెళ్లడం మంచిది.

ఇంత కష్టపడి పెట్టిన గొట్టాలు ఆ ఓడలకి ఎంతవరకు పనికొచ్చాయని పిల్లలు అడుగుతారు. దాదాపు పనికిరాలేదనే చెప్పాలి. అవి గీసిన రోజుల్లో ఓడలు నాలుగైదు వేల మీటర్ల దూరంలో కొట్టుకుంటాయనుకున్నారు, ఆ దూరంలో టార్పెడోకి విలువుంది. జట్లండ్ నాటికి ఫిరంగులు అంతకు రెండు మూడింతల దూరం నుంచే పేలుతున్నాయి. ఒక బ్యాటిల్‌షిప్ ఇంకో బ్యాటిల్‌షిప్‌ని టార్పెడోతో కొట్టిందని చెప్పుకునే సంఘటన ఒక్కటే, అది 1941 మే 27న. జర్మన్ ఓడ బిస్మార్క్ అప్పటికే ఫిరంగి దెబ్బలతో ధ్వంసమై ఉంది, తన టార్పెడో ఒకటి దానికి తగిలిందని బ్రిటిష్ ఓడ రాడ్నీ చెప్పుకుంది. రాడ్నీవి ముక్కు వైపు నీటి కింద రెండు గొట్టాలు, 24.5 అంగుళాలవి. ఆ ఓడ చేద్దామనుకునేవాళ్లు 1:200లో 3 మి.మీ. కన్నం లెక్క వేసుకోండి, సైకిల్ చువ్వ అక్కడ సరిపోదు.

చివర్లో స్టాండు. హల్‌ని పట్టుకునే రెండు కాళ్లూ చాలామంది ఓడ పొడవులో నాలుగో వంతు దగ్గర, ముందొకటి వెనకొకటి పెడతారు. గొట్టం మూతులు కూడా దాదాపు అక్కడికే వస్తాయి, స్టాండు అంచు వాటిని కప్పేస్తుంది. కాళ్లు కాస్త నడుం వైపుకి జరపండి. మోడల్‌ని కంటి ఎత్తులో పెట్టే బల్ల దొరక్కపోతే కింద ఒక అద్దం ముక్క పరిస్తే సరి, వంగి చూడాల్సిన పని లేకుండా రెండు పక్కల మూతులూ అందులో కనపడతాయి.